గ్రంథము నందలి వీరుడు – తెరమీది వీరుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో ఒక గ్రంథాలయము 25 సంవత్సరములు తలుపు మూయకుండ నిలుచుట సామాన్య విషయము కాదు. దీనిని నిలిపినవారిని ఇతర వక్తలు తగినట్లు ప్రశంసించినారు. నన్ను మాత్రము "గ్రంథములు – చలనచిత్రములు" అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గము వారు ఆదేశించినారు. నేను వెంటనే అంగీకరించితిని. ఏలయన, ఈ విషయమున నేను ఒక బాలునకు ఋణపడి ఉన్నాను. ఆ ఋణమెట్టిదో మొదట మనవి చేసెదను.

పండ్రెండేండ్ల క్రిందట నేను సాయంకాలములందు ఈ గ్రంథాలయములో కూర్చుండి పుస్తకము లిచ్చుచుంటిని. ఆరవ తరగతి చదువుచున్న ఒక బాలుడు ఇంటిలో టెలివిజనులో 'మాయాబజార్' చూచి, మరునాడు పరుగున వచ్చి, "సార్, శశిరేఖ కథ భారతంల ఏ పర్వంల ఉన్నది?" అని అడిగినాడు. నేను చిరునవ్వు నవ్వి, వచన భారతము అతని చేతిలో పెట్టి, "నీవే వెదకుము" అంటిని. ఆ పసివాడు మూడు వారములు వెదకినాడు. అభిమన్యుడు కనిపించినాడు. ఘటోత్కచుడు కనిపించినాడు. విరాట పర్వములో అభిమన్యునకు ఉత్తరతో వివాహము కూడ జరిగినది. కాని శశిరేఖ ఎక్కడను కనిపించలేదు. "యాడ లేదు సార్" అని పుస్తకము తిరిగి తెచ్చినాడు. "లేదు నాయనా. అది సినిమావారు కల్పించినది" అంటిని. "అయితే అబద్ధమా సార్?" అన్నాడు. "అబద్ధమే" అని చెప్పి పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేసితిని.

తరువాత ఆ బాలుడు చాల కాలము గ్రంథాలయమునకు రాలేదు. పద్దెనిమిది పర్వములు వెదకుటకు సిద్ధపడిన పాఠకుని నేను ఒక్క మాటతో పోగొట్టితిని. అంతకంటె విచారకరమైన సంగతి ఏమనగా, ఆ మాట సరియైనది కూడ కాదు. ఆ కథను చిత్రము తీసినవారు క్రొత్తగా కల్పించలేదు. వారికి పూర్వమే అది జనుల నోట, నాటకములందు ప్రచారములో నుండినది. 1936లోనే ఆ కథ 'శశిరేఖా పరిణయము' అను పేరుతో చలనచిత్రముగా కూడ వచ్చినది. కనుక నేను చెప్పినది చరిత్ర రీత్యా తప్పు. కల్పనను "అబద్ధము" అనుట మరియొక తప్పు. ఈ రెండవ తప్పును దిద్దుకొనుటయే నేటి నా ప్రసంగము.

ప్రశ్న ఇది: ఒక గ్రంథములోని వీరుని కథను తెరకెక్కించువాడు ఆ గ్రంథమునకు ఎంతవరకు కట్టుబడి ఉండవలెను?

ఇది మన దేశమునకే పరిమితమైన వివాదము కాదు. నేటి బాలురు ఎరిగిన సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ మొదలగు వీరులు అమెరికా దేశములో బొమ్మల కథల పుస్తకములలో పుట్టినవారు. మొదటివానిని జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇరువురు యువకులు సృష్టింపగా 1938లో వెలుగు చూచినాడు. రెండవవాడు 1939లోను, మూడవవాడు 1962లోను వచ్చిరి. ఈ వీరులపై చిత్రము వచ్చినపుడెల్ల అచ్చటి పాఠకులు రెండు పక్షములుగా చీలి వాదించుకొందురు. "పుస్తకములో ఉన్నది ఉన్నట్లు తీయవలె" నని ఒక పక్షము. "తెర వేరు, పుస్తకము వేరు" అని మరియొక పక్షము.

ఇందు ఒక వింత కలదు. సూపర్‌మ్యాన్ అనగానే ఆకాశమున ఎగురువాడు మనకు స్ఫురించును. కాని మొదటి పుస్తకములలో అతడు ఎగురలేడు. భవనములపై నుండి దూకువాడు మాత్రమే. 1941లో మొదలైన కదలు బొమ్మల చిత్రములు అతనిని ఎగురువానిగా జనులకు అలవాటు చేసినవి. అతని బలమును హరించు క్రిప్టోనైట్ అను రాయి కూడ 1943లో రేడియో నాటకములో మొదట వినిపించి, 1949లో గాని పుస్తకములలోనికి రాలేదు. అనగా మూలమని మనము పట్టుకొని వ్రేలాడునది కూడ అనుసరణల వలన పెరిగినదే.

2002లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ చిత్రములో సాలెదారము వీరుని మణికట్టు నుండి పుట్టుకొని వచ్చును. పుస్తకములోనైతే ఆ దారమును వెదజల్లు యంత్రమును అతడు తన బుద్ధిబలముతో చేసికొనును. కొందరు ఆక్షేపించిరి. అయినను ఆ చిత్రమును లోకము ఆదరించినది. ఏలయన, పట్టుకొనగలిగియు తాను విడిచిపెట్టిన దొంగ కారణముగ తన పెదతండ్రి మరణించెనను పశ్చాత్తాపము, దాని నుండి పుట్టిన బాధ్యత, ఈ రెండును చెదరలేదు. 2013లో వచ్చిన మరియొక చిత్రములో సూపర్‌మ్యాన్ తన శత్రువు మెడ విరిచి చంపును. అప్పుడు చాలమంది నొచ్చుకొనిరి. ప్రాణము కాపాడుటయే అతని స్వభావమని వారు నమ్మియుండిరి. దారము ఎక్కడ నుండి వచ్చినదను తగవు చల్లారినది. ప్రాణము ఏల తీసినాడను తగవు నేటికిని పూర్తిగా చల్లారలేదు.

దీనినిబట్టి మనకొక దారి దొరకుచున్నది. సంఘటన వేరు, స్వభావము వేరు. సంఘటనను మార్చినచో పాఠకుడు ఆశ్చర్యపడును. స్వభావమును మార్చినచో అతడు తన ఆప్తుని పోగొట్టుకొనినట్లు దుఃఖించును.

ఈ భేదము మన పెద్దలు ఎరుగనిది కాదు. కాళిదాసు శకుంతల కథను భారతము నుండి గ్రహించినాడు. అందు దుర్వాసుని శాపము లేదు, ఉంగరము లేదు. ఆ రెండును లేనిదే నేడు మనకు శకుంతల కథయే లేదు. మన తిక్కన సోమయాజి యుద్ధారంభమున వచ్చు భగవద్గీతను కొలది పద్యములకు సంగ్రహించినాడు. పోతన గజేంద్రమోక్షమును మూలము కంటె విస్తరించినాడు. వాల్మీకి చెప్పని ఉడుత రంగనాథ రామాయణములో ఇసుక మోసి సేతువునకు సాయపడినది. సీత దాటరాదని లక్ష్మణుడు గీచిన గీత వాల్మీకి అరణ్యకాండములో లేదు. అయినను మన ఇండ్లలో ఆ గీతను ఎరుగనివారు లేరు. ఇక మన తెలంగాణ పల్లెల సంగతి చెప్పనే అక్కరలేదు. చిందు భాగవతులు ఆడిన ఆటలలో, చెర్విరాల భాగయ్య కవి యక్షగానములలో పురాణ పురుషులు మన పల్లెవారి పలుకుబడితోనే మాటాడినారు. ఆ ఆట చూచి తెల్లవారుజామున ఇంటికి మరలిన ముసలివారు "మూలము చెడినది" అని అనలేదు. ధర్మరాజు ధర్మరాజువలెనే ఉన్నాడా లేదా అనియే చూచిరి.

ఇప్పుడు 'మాయాబజార్' సంగతికి వత్తము. కె.వి. రెడ్డి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావు రచనతో, విజయా సంస్థవారు 1957లో విడుదల చేసిన చిత్రమిది. ఆ సంస్థను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి గారలే 1947లో 'చందమామ' పత్రికను స్థాపించినవారు. పిల్లలకు కథ ఎట్లు చెప్పవలెనో వారికి బాగుగ తెలియును. భారత కథ అని పేరేగాని, ఆ చిత్రములో పాండవులు తెరపైకి రానే రారు. కథానాయిక మూలములో లేదు. పెండ్లి మూలములో లేదు. మాయానగరము మూలములో లేదు. అక్షరము పట్టుకొని కొలిచినచో మూలమునకు దీనికంటె దూరమైన చిత్రము ఉండదు.

కాని పాత్రలను చూడుడు. భారతములో బలరాముడు దుర్యోధనునకు గదావిద్య నేర్పిన గురువు. శిష్యునియందు పక్షపాతము కలవాడు. త్వరగా కోపించి త్వరగా చల్లబడువాడు. చిత్రములోని బలరాముడు కూడ అట్టివాడే. కనుకనే దుర్యోధనుని కుమారునకు పిల్లనిచ్చుటకు ఒప్పుకొనినాడనగా మనము నమ్ముదుము. భారతములో ఘటోత్కచుడు తలచినంతనే వచ్చి నిలుతునని తండ్రులకు మాట ఇచ్చినవాడు. చిత్రములో తమ్ముని పెండ్లికై ఆ బలమును, మాయను వినియోగించినాడు. శ్రీకృష్ణుడు ఏమియు ఎరుగనట్లు నవ్వుచు అన్నియు తానే నడిపినాడు. భారతములో లేని రోజొకటి వారి జీవితములో ఉండినచో, ఆ రోజున వారు సరిగా ఇట్లే ప్రవర్తింతురని మనకు తోచును. దీనినే నేను విధేయత అందును.

అయితే "స్వభావము చెడకున్న చాలు, సినిమావారు ఏమి చేసినను సరియే" అని నేను చెప్పుట లేదు. మరియొక పరీక్ష కలదు. ఆ మార్పు వలన ఎవరికైన అన్యాయము జరుగుచున్నదా?

1963లో వచ్చిన 'లవకుశ' తెలుగువారు ఎన్నటికిని మరువని చిత్రము. అందులో తండ్రికొడుకుల యుద్ధము వాల్మీకి ఉత్తరకాండములో లేదు. తరువాతి గ్రంథములలో అట్టి యుద్ధము కలదు. దానివలన ఎవరికిని నష్టము లేదు. పిల్లల వీరము చూచి మనము సంతోషించితిమి. కాని సీతపై నింద మోపిన సందర్భమును చూడుడు. వాల్మీకి ఉత్తరకాండములో భద్రుడను వాడు రాముడు అడుగగా, పురములోను జనపదములలోను జనులందరు అనుకొనుచున్న మాటగా ఆ నిందను విన్నవించును. అచ్చట రజకుడు లేడు. తరువాతి కథలలో ఆ నింద ఒక్క రజకుని నోటికి చేరినది. ఆ చిత్రమునకు వచ్చునాటికి అది స్థిరపడిపోయినది. చిత్రము తీసినవారు దీనిని కల్పించలేదు, అందిన కథనే తీసిరి. కాని ఊరంతయు చేసిన తప్పును బట్టలుతుకు ఒక్క శ్రమజీవి తలపై పెట్టితిమి. చాకలి ఐలమ్మను కన్న తెలంగాణములో కూర్చుండి ఈ మాట చెప్పుకొనక తప్పదు. మన ఊరిలోనే ఆ వృత్తివారి పిల్లలు ఆ దృశ్యమును చూచి ఏమనుకొనిరో మనలో ఎవరైన అడిగితిమా? మూలమును తెరచి చూచినచో ఆ పిల్లలకు చెప్పదగిన సమాధానము దొరకును: "నాయనా, వాల్మీకి మీ వారిని అనలేదు" అని. మూలగ్రంథము గ్రంథాలయములో ఉండవలసిన అవసరము ఇట్టిచోట తెలియును.

ఇక నేటి చిత్రముల మాట. 2023లో 'ఆదిపురుష్' వెలువడినపుడు దాని హిందీ సంభాషణలపై, అందును హనుమంతుని నోట పలికించిన వీధి మాటలపై, దేశమంతట నిరసన లేచినది. నిర్మాతలు కొన్ని మాటలను మార్చవలసి వచ్చినది. కొందరు దీనిని భక్తుల తొందరపాటనిరి. కాని కిష్కింధాకాండము చదివినవారికి అసలు కారణము తెలియును. హనుమంతుని మొదటిసారి చూచినపుడు శ్రీరాముడు మెచ్చుకొనినది అతని బలమును కాదు, అతని వాక్కును. వేదములు నేర్వనివాడు, వ్యాకరణము ఎరుగనివాడు ఇట్లు మాటాడలేడని తమ్మునితో అనును. అట్టి వాగ్మి నోట అట్టి మాట పెట్టుట స్వభావ భంగము. అది వేషములో, కిరీటములో జరిగిన మార్పు వంటిది కాదు.

2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడి' చిత్రమును తీసికొనుడు. భారత సౌప్తిక పర్వములో అశ్వత్థామ ఉత్తర గర్భముపై అస్త్రమును ప్రయోగించినాడు. మూడు వేల ఏండ్లు దిక్కులేక తిరుగుమని శ్రీకృష్ణుడు శపించినాడు. చిత్రములో ఆరువేల ఏండ్ల తరువాత కూడ అతడు బ్రతికి ఉండి, పుట్టబోవు కల్కిని మోయుచున్న తల్లిని కాపాడును. లెక్క తప్పినది. కాని గర్భమును చంపజూచిన చేయియే గర్భమునకు కాపు కాయుట ఆ పాపమునకు తగిన ప్రాయశ్చిత్తము కాదా? ఇది భారతమును చదివి ఆలోచించినవాడు చేసిన మార్పు అని నా అభిప్రాయము.

అదే సంవత్సరము వచ్చిన 'హను–మాన్' చిత్రములో ఒక చిన్న ఘట్టము మన విషయమునకు సరిపోయినది. ఆ చిత్రములోని ప్రతినాయకుడు బాల్యమున సూపర్ హీరోల బొమ్మల కథలకు బానిస. ఆ వీరులలో పలువురకు తల్లిదండ్రులు లేరు గదా అని, తాను కూడ వీరుడు కావలెనని, తన తల్లిదండ్రులనే చంపుకొనును. గ్రంథములోని అక్షరమును పట్టుకొని ఆత్మను విడిచినవాడు ఏమగునో ఇంతకంటె చెప్పనక్కరలేదు. గుడ్డి విధేయత కూడ ఒక ద్రోహమే.

ఇచ్చట మీలో ఒకరు నన్ను నిలదీయవచ్చును. "పాత్ర స్వభావము ఇట్టిదని నిర్ణయించువాడెవడు?" అని. ఇది కష్టమైన ప్రశ్న. 1977లో నందమూరి తారక రామారావు గారు 'దాన వీర శూర కర్ణ' చిత్రమునకు దర్శకత్వము వహించి, కర్ణ, సుయోధన, కృష్ణ పాత్రలను మూడింటిని తామే ధరించినారు. అందు సుయోధనుడు దుష్టునిగా గాక అభిమానవంతుడైన రాజుగా కనిపించును. ఇది స్వభావ భంగము కాదా అని అడుగుదురు. నేను భారతమునే అడిగి చూచితిని. కర్ణునకు అంగరాజ్యమిచ్చి ఆదరించినవాడు సుయోధనుడే. స్వర్గారోహణ పర్వములో ధర్మరాజునకు స్వర్గమున ముందుగా కనిపించినవాడు కూడ సుయోధనుడే. కనుక ఆ చిత్రములోని వాదమునకు మూలములోనే చోటు కలదు. ఆ వాదముతో ఏకీభవింపక పోవచ్చును గాని, అది మూలమును ఎరుగనివాని వాదము మాత్రము కాదు. స్వభావమును ఏ ఒక్కరును నిర్ణయింపరు. మూలమును చదివినవారందరు కలిసి వాదించుకొని నిర్ణయించుకొందురు. చదువనివారి మధ్య వాదము ఉండదు, కేకలే ఉండును.

కనుక నేను కార్యవర్గము వారికి రెండు మనవులు చేయుచున్నాను. మొదటిది: ఏదైన పురాణ కథపై గాని, ప్రసిద్ధ గ్రంథముపై గాని చిత్రము వచ్చినపుడు, ఆ వారము ఆ మూలగ్రంథమును బీరువాలో నుండి తీసి బల్లపై పెట్టుడు. 'పాతాళ భైరవి'ని టెలివిజనులో వేసిననాడు, ఆ కథకు ప్రేరణగా చెప్పబడు మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీ మజిలీ కథలు' బల్లపై ఉండవలెను. రామాయణ చిత్రము వచ్చిననాడు మన తెలంగాణ పండితుడు సురవరం ప్రతాపరెడ్డి గారి 'రామాయణ విశేషములు' ప్రక్కన ఉండవలెను. రెండవది: ఆదివారము సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టి, "పుస్తకములో ఏమున్నది? తెరపై ఏమి మారినది? ఆ మార్పు బాగున్నదా?" అని అడుగుడు. వారినే చెప్పనిండు. మనము ముందుగా తీర్పు చెప్పరాదు. సూపర్‌మ్యాన్ బొమ్మల పుస్తకము తెచ్చిన పిల్లవానిని కూడ గదమవద్దు. అతడును ఒక మూలగ్రంథము తెచ్చినవాడే.

ఆ బాలుడు పెరిగి పెద్దవాడై పట్టణములో ఉద్యోగము చేయుచున్నాడని వింటిని. ఈ సభలో ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఉన్నను లేకున్నను ఈ సంచిక ఎప్పుడో ఒకనాడు అతని చేతికి చేరునని ఆశించుచున్నాను. నాయనా, శశిరేఖ భారతములో లేదు. కాని నీవు ఆమెను వెదకుచు మూడు వారములు భారతములో తిరిగితివి. అట్లు తిప్పగలిగిన కథను నేను అబద్ధమనుట నా పొరపాటు. వ్యాసుడు చెప్పగా మిగిలిన చోటులో మనవారు ప్రేమతో కట్టుకొనిన చిన్న ఇల్లు అది. ఆనాడు నేను తాళము వేసిన బీరువా ఇప్పుడు తెరచియున్నది. వచ్చి మరల చదువుకొనుము.